దుంపల పెట్టె మీద ఒట్టు

కిందటి వారం కథ ఆపి మీరు నన్ను మేడ మీద, ఎగ్బర్ట్ అనే విద్యార్థి ఉండే చిన్నగది గుమ్మంలో నిలబెట్టి వెళ్ళిపోయారు. చేతిలో చీపురు అలాగే ఉంది. ఎదురుగా, వంటింటి పొగగొట్టం పైకి వెళ్ళే చోట, వెచ్చటి ఇటుకలకు వీపు ఆనించి, పోయిన మా ఆయన పాత కోటు కప్పుకుని ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఆవిడ నన్ను చూసి భయపడిందో, నేను ఆవిడను చూసి భయపడ్డానో ఇప్పటికీ చెప్పలేను. లేవబోయింది. లేవలేక గోడ పట్టుకుంది.

"నేను ఎగ్బర్ట్ వాళ్ళమ్మనండీ," అంది. "అరవకండమ్మా, మీకు పుణ్యముంటుంది."

నేను అరవలేదు. అరిస్తే ఏమవుతుందో నాకు ఆవిడకంటే బాగా తెలుసు. యుద్ధం ఓడాక తూర్పున సైలీషియాలో ఇల్లూ పొలమూ లాక్కుని తరిమేస్తే, రష్యావాళ్ళ చేతిలో ఉన్న ప్రాంతం హద్దు దొంగచాటుగా దాటి, కొడుకును వెతుక్కుంటూ మా ఊరు చేరింది ఆవిడ. క్రిస్మస్ ముందు నుంచీ ఆ గదిలోనే ఉందట. ఊళ్ళో ఉండడానికి అనుమతి లేదు. అనుమతి లేకపోతే రేషన్ కార్డు రాదు. కార్డు లేని మనిషికి ఈ చలికాలంలో జర్మనీ మొత్తం మీద రొట్టెముక్క పెట్టేవాళ్ళు లేరు. ఎవరు ఏ ఇంట్లో ఉండాలో రాసే వసతుల ఆఫీసువాళ్ళకు తెలిస్తే ఆవిడను కిటికీలకు అద్దాలు లేని రైలెక్కించి బరాకుల శిబిరానికి పంపేస్తారు. అంత దూరం ఆవిడ ప్రాణంతో వెళ్ళదు. మనిషిని దాచినందుకు కొడుకు చదువు పోతుంది, ఇల్లు నాది కాబట్టి నా కార్డూ పోతుంది. నేను ఔనని గానీ కాదని గానీ అనకుండా తలుపు దగ్గరికి వేసి కిందికి వచ్చేశాను. అది గురువారం. ఇక ఆదివారం మధ్యాహ్నం నా వంటింట్లో ఏం జరిగిందో వినండి.

నేను ఓటీలియ బ్రామర్‌ని. యుద్ధం నాకు మొగుణ్ణీ కొడుకునూ మిగల్చలేదు గానీ, నాలుగు గదులనూ ఒక పొయ్యినీ మిగిల్చింది. ఆ నాలుగు గదుల్లోనూ ఆఫీసువాళ్ళు నలుగురు విద్యార్థులను పెట్టారు. నేను వంటింటి బల్ల పక్కన మంచం వేసుకుని, ఇంత పొయ్యి ఉన్న వంటిల్లు నాది కదా అని గర్వంగా పడుకుంటున్నాను. ఆ నలుగురిలో పెద్దవాడు ఆర్నుల్ఫ్, న్యాయశాస్త్రం. ఆరేళ్ళు సైనికుడి బట్టల్లో ఉండి, ఆ తర్వాత ఖైదీల శిబిరంలో ముళ్ళకంచె వెనకాల ఉండి వచ్చాడు. గెజీనె వైద్యం చదువుతుంది, నోరు పెద్దది, చేతులు మంచివి. ఓన్నో పాస్టరు కావాలని చదువుతున్నాడు, ఎవరు గట్టిగా దగ్గినా ఉలిక్కిపడతాడు. నాలుగోవాడు ఎగ్బర్ట్. లెక్కలు చదువుతాడు, మేడ మీద గది వాడిదే. ఎప్పుడూ తాళం వేసుకుంటాడు, గురువారం మాత్రం ఎందుకో తలుపు తీసే ఉంది. దగ్గుతోంది, మీకు అంటుకుంటుంది అని చెప్పి ఎవర్నీ రానివ్వడు.

మొన్న శరత్కాలంలో ఈ నలుగురూ, నేనూ, రైతులు దుంపలు తవ్వుకుపోయిన పొలాల్లో మళ్ళీ తవ్వుకున్నాం. వేళ్ళతో మట్టి గోకి, రైతు వదిలిన కుక్కల నుంచి పరుగెత్తి, గోళీల్లాంటి బంగాళాదుంపలు ఏరుకున్నాం. వాటిని నేలమాళిగలో ఒక పెట్టెలో గడ్డి పరిచి దాచాం. ఈస్టర్ దాకా రావాలి అవి. తాళం వేద్దామంటే ఆర్నుల్ఫ్ వద్దన్నాడు. "తాళం ఎవడైనా విరగ్గొడతాడు. శిబిరంలో మాకు తాళాల్లేవు. చట్టం ఉండేది," అన్నాడు.

ఆ చట్టం ఏమిటో దుంపలు తుడుస్తూ మామూలుగా చెప్పాడు. తోటివాడి తిండి దొంగిలించినవాణ్ణి, వాడితో రొట్టె పంచుకున్న ప్రతి ఒక్కరూ కొట్టాలి. బెల్టుతో, ఇనుప బకిల్ ఉన్న వైపుతో. కొట్టనన్నవాడు దొంగతో సమానం. వాళ్ళ శిబిరంలో ఒకణ్ణి అలా కొట్టారట. "తర్వాత?" అని అడిగాను. "తర్వాత రొట్టె పోలేదు," అన్నాడు. ఆ మనిషి ఏమయ్యాడని నేను అడగలేదు. అందరం పెట్టె మూత మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాం. నేను కూడా వేశాను, నవ్వుతూ వేశాను, పిల్లల ఆట అనుకున్నాను. కడుపులో కాస్త పడి ఉన్న రోజులవి.

ఇప్పుడు మా ఊరి లైనె నది గడ్డ కట్టింది, క్లాసుల్లో సిరా కూడా గడ్డ కడుతోంది. పెట్టెలో దుంపలు తరిగిపోతున్నాయి. మేము తీసుకున్న దానికంటే ఎక్కువే తరిగిపోతున్నాయి. మొదట ఎలుకలన్నాం. ఎలుక గడ్డి సర్ది వెళ్ళదు కదా. అప్పటి నుంచి మా ఇంట్లో ఒకరి నోటి వంక ఇంకొకరు చూస్తున్నారు. ఎవరి దవడ కదిలినా అందరి కళ్ళూ అటే. అందులోనూ ఎగ్బర్ట్ మొహం గుండ్రంగా తయారవుతోంది. మా అందరి చెంపలూ లోపలికి పోతుంటే వాడి చెంపలు నిండుతున్నాయి. విద్యార్థులను నెలకోసారి తూచి, బాగా చిక్కినవాళ్ళకు విదేశీ దాతలు సూప్ పోస్తారు. కిందటి తూకంలో అందరూ తగ్గారు, ఎగ్బర్ట్ ఒక్కడే పెరిగాడు. నీకు సూప్ అక్కర్లేదు పొమ్మన్నారు. ఆ రోజు నుంచి ఆర్నుల్ఫ్ వాడితో మాట్లాడటం మానేశాడు.

ఆదివారం మా ఇంట్లో రొట్టె పంపకం. అందరి కార్డుల మీదా వచ్చిన మొక్కజొన్న రొట్టెను నేను కోస్తాను. ఉత్తరాలు తూచే చిన్న త్రాసులో ముక్కలు తూచి, తక్కువైన వైపు రొట్టెపొడి వేలితో అద్ది వేస్తాం. ఎవరికి ఏది అన్నది మాత్రం నేను నిర్ణయించను, అది శిబిరం పద్ధతి. ఒకరు గోడవైపు తిరిగి నిలబడాలి. ఇంకొకరు ఒక వాటా మీద వేలు పెట్టి "ఇది ఎవరికి?" అని అడగాలి. గోడవైపు ఉన్న మనిషి చూడకుండా పేరు చెప్పాలి. ఇక ఎవరూ ఎవర్నీ అనడానికి లేదు.

ఆ రోజు గోడవైపు నిలబడే వంతు ఎగ్బర్ట్‌ది. ఆర్నుల్ఫ్ వేలు పెట్టాడు.

"ఇది ఎవరికి?"

"గెజీనెకి."

"ఇది ఎవరికి?"

"అమ్మగారికి."

అమ్మగారంటే నేను. అలా ఐదు వాటాలూ అయిపోయాయి. చివరిది వాడిదే. నేను నా ముక్క అందుకోబోతుంటే ఆర్నుల్ఫ్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. అలమరలోంచి ఒక ఖాళీ కంచం తీసి బల్ల మధ్యలో పెట్టాడు.

"ఇది ఎవరికి?"

"అందరివీ అయిపోయాయిగా," అన్నాడు ఎగ్బర్ట్ గోడతోనే.

"ఇంకోటుంది. చెప్పు, ఎవరికి?"

ఎగ్బర్ట్ ఇటు తిరిగాడు. ఖాళీ కంచం చూశాడు. ఆర్నుల్ఫ్ మొహం చూశాడు.

"నేను చెప్తాలే," అన్నాడు ఆర్నుల్ఫ్. "దొంగకి. ఎందుకంటే దొంగ తన వాటా కింద మాళిగలో ముందే తినేశాడు."

ఓన్నో చేతులు బల్ల కింద పెట్టుకున్నాడు. గెజీనె లేచి కిటికీ మూసే ఉందో లేదో చూసింది. ఎంత కోపంలో ఉన్నా కిటికీ చూసుకోవడం మాకు అలవాటైపోయింది. ఎవరు విని పట్టిస్తారోనని పన్నెండేళ్ళు అలా బతికాం, యుద్ధం అయిపోయినా అది పోలేదు.

"నన్నంటున్నావా?" అన్నాడు ఎగ్బర్ట్.

"అద్దం లేదా నీ గదిలో? నీ మొహం ఈస్టర్ రొట్టెలా పొంగుతోంది. మేమంతా పీనుగుల్లా ఉన్నాం. గాలి తింటే ఒళ్ళొస్తుందా? మాకూ చెప్పు, మేమూ తింటాం."

"నేను తీయలేదు, ఆర్నుల్ఫ్."

"త్రాసు అబద్ధం చెప్తుందా మరి? అందరూ తగ్గారు, నువ్వు పెరిగావు. లెక్కలు చదివేవాడివి నువ్వే చెప్పరా, ఇది ఎలా కుదురుతుంది?"

"నిజమే," అంది గెజీనె, వాడివైపు చూడకుండా. "నాకూ అనిపించింది. అనకూడదని ఊరుకున్నాను."

"వీడి గది చూస్తే సరిపోతుంది కదా," అన్నాడు ఓన్నో మెల్లగా. ఆ పిరికివాడికి నోరు పెగలక పెగలక ఆ మాటే పెగిలింది.

ఎగ్బర్ట్ వెళ్ళి వంటింటి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. వాడు అలా నిలబడకపోయి ఉంటే బాగుండేది. దాచడానికి ఏమీ లేనివాడు తలుపుకు అడ్డం పడడు కదా, అందరికీ అదే తోచింది.

"తాళంచెవి ఇవ్వు," అన్నాడు ఆర్నుల్ఫ్.

"ఇవ్వను."

"ఆ గదిలో ఏమీ లేదు బాబూ," అన్నాను నేను. "గురువారం నేనే ఊడ్చాను. ఒక మంచం, నాలుగు పుస్తకాలు. అంతే."

ఎగ్బర్ట్ నావైపు చూశాడు. నాకు తెలుసన్న సంగతి వాడికి ఆ క్షణంలోనే తెలిసింది. వాళ్ళమ్మ చెప్పలేదన్నమాట. వాడి కళ్ళల్లో కృతజ్ఞత లేదు, భయమే ఉంది. నేను ఎటు తిరుగుతానోనన్న భయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, ఆ పిల్లవాడూ నేనూ ఒకే నూతికీ ఒకే గోతికీ మధ్య నిలబడి ఉన్నాం.

"అమ్మగారూ, మీరు పక్కకి రండి," అన్నాడు ఆర్నుల్ఫ్, మర్యాదగానే. ఎగ్బర్ట్ భుజం పట్టుకుని పక్కకి లాగాడు. గట్టిగా లాగలేదు, నేను చూశాను. మామూలు మనిషైతే ఒక అడుగు పక్కకి వేసేవాడు. ఎగ్బర్ట్ మాత్రం బస్తాలా కూలిపోయాడు. పడటంలో ప్యాంటు మోకాలి దాకా లేచింది.

వాడి పిక్క మీద చర్మం బిగుసుకుపోయి మెరుస్తోంది. మేజోడు పట్టీ దిగబడి, దాని పైనా కిందా కాలు ఉబికి ఉంది. గెజీనె వాడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఏమీ అనకుండా బొటనవేలు వాడి ముంగాలి మీద పెట్టి గట్టిగా నొక్కింది. వేలు తీసింది. తీసిన చోట గుంట పడింది. మేమంతా వంగి చూస్తున్నాం. ఆ గుంట పూడలేదు. పిండిముద్దలో వేలు దించి తీసినట్టు అలాగే ఉండిపోయింది.

రెండో కాలూ నొక్కింది. అక్కడా గుంట పడింది. కనురెప్పల కింద తాకి చూసింది.

"ఇది ఒళ్ళు కాదు," అంది. ఆ పెద్ద నోటి నుంచి అంత చిన్న గొంతు రావడం నేనెప్పుడూ వినలేదు. "నీరు. ఒళ్ళంతా నీరు పట్టింది. తిండి లేక."

"ఏమంటున్నావు నువ్వు?" అన్నాడు ఆర్నుల్ఫ్.

"త్రాసు నీటిని తూచింది, మూర్ఖుడా! మనందరికంటే తక్కువ తింటున్నవాడు వీడే. వారాల నుంచి దాదాపు ఏమీ తినట్లేదు." ఆమె ఆర్నుల్ఫ్‌ని తిడుతోంది గానీ కళ్ళు ఆ గుంట మీదే ఉన్నాయి. "కిందటి నెలే దీని మీద పరీక్ష రాశాను. మంచి మార్కులొచ్చాయి కూడా. రోజూ వీడికి ఎదురుగా కూర్చుంటున్నాను. వీడి మొహం చూస్తే నాకు రొట్టే కనపడింది. జబ్బు కనపడలేదు."

నేను వాణ్ణి లేపి కుర్చీలో కూర్చోబెట్టాను. చెప్పులేసుకున్నంత తేలిగ్గా ఒక మనిషిని దొంగ అనేశాం మేమంతా. నాకు ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువగా, నిజం చెప్పాలంటే, ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఇక గది ఎవరూ వెతకరనుకున్నాను.

"దీనికి మందేంటి?" అడిగాడు ఓన్నో.

"తిండి. ఇంకేం మందు? నీరు పైకెక్కితే గుండె ఆగుతుంది. వీడు మెట్లెక్కకూడదు, చలిలో నిలబడకూడదు. వీడి మీద ఎవరైనా చెయ్యి చేసుకుంటే…" అంది గెజీనె.

ఆర్నుల్ఫ్ కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. వాడి వీపే కనపడుతోంది నాకు. తర్వాత ఇటు తిరిగి, ఇందాకటికంటే నెమ్మదిగా అడిగాడు.

"ఎగ్బర్ట్, నీ రొట్టె ప్రతి ఆదివారం నా చేత్తో నేనే ఇచ్చాను. నువ్వు తినకపోతే మరి ఎవరు తింటున్నారు?"

ఎగ్బర్ట్ ప్యాంటు కిందికి లాక్కుని కాళ్ళు కప్పుకున్నాడు.

"అమ్ముతున్నావా? సిగరెట్లకా?"

"లేదు."

"అమ్మాయెవరైనా ఉందా? ఉంటే చెప్పరా, నవ్వములే."

"లేదు."

"సరే. నీ రొట్టె నీ ఇష్టం. దుంపల సంగతి వేరు, అవి అందరివీ." ఆర్నుల్ఫ్ వచ్చి వాడి ఎదురుగా బల్ల అంచున కూర్చున్నాడు. "నువ్వు తినలేదంటే ఒప్పుకుంటాను. తినలేదు కాబట్టి తీయలేదనడానికి లేదు. నేను రోజూ పెట్టె చూస్తున్నాను. పోయేది మధ్యాహ్నాలే. మనం క్లాసుల్లో ఉంటాం, అమ్మగారు క్యూలో ఉంటారు, అప్పుడు. తీసేది కూడా కంగారుగా కాదు. పైన గడ్డి మళ్ళీ సర్ది, చేత్తో రాసి, అంచులు లోపలికి మడిచి వెళ్తున్నారు. పక్క సర్దినట్టుంటుంది. ఏ దొంగైనా అలా చేస్తాడా?"

నేను ఎగ్బర్ట్ మొహమే చూస్తున్నాను. అందుకే నాకు తెలిసింది. "పక్క సర్దినట్టు" అన్న మాట దగ్గర వాడి మొహంలో ఏదో ఆరిపోయింది. అంతవరకూ వాడికి నిజంగానే తెలియదు. ఆ క్షణంలో వాడికి తెలిసింది, వాడితో పాటు నాకూ తెలిసింది. గురువారం నేను గది గుమ్మంలో నిలబడ్డప్పుడు మంచం మీద దుప్పటి అంచులు లోపలికి మడిచి ఉన్నాయి. ఏ కుర్రవాడు అలా మడుస్తాడు!

"నేనే తీశాను," అన్నాడు ఎగ్బర్ట్.

"అబద్ధం!" అంది గెజీనె.

"నేనే. మధ్యాహ్నం క్లాసు ఎగ్గొట్టి వచ్చి తీశాను. అన్నీ నేనే. ఇక గదులూ అవీ వెతక్కండి. ఒప్పుకున్నానుగా."

"ఎవరికిచ్చావు?"

"అది అడగొద్దు. తీసింది నేను. ఒట్టు వేసింది నేను."

"వీడు ఎవర్నో కాపాడుతున్నాడు. కళ్ళు లేవా మీకు?" గెజీనె ఆర్నుల్ఫ్ చొక్కా పట్టుకుంది. "వదిలెయ్, ఆర్నుల్ఫ్. ఇది నీ శిబిరం కాదు. ఇది వంటిల్లు."

ఆర్నుల్ఫ్ ఆమె చేతిని తీసేశాడు. వాడికి కోపం ఉండుంటే నాకు ఇంత భయం వేసేది కాదు. కోపం కాసేపటికి దిగుతుంది. వాడిది భయం.

"శిబిరంలోనూ ఇలాగే ఒకసారి వదిలేశాం," అన్నాడు. "జాలిపడి వదిలేశాం. వారం తిరక్కుండా ముగ్గురు దొంగలయ్యారు. ఆ తర్వాత ఎవడూ నిద్రపోలేదు, రొట్టె మీద పడుకుని కళ్ళు తెరుచుకునే ఉన్నాం. నా పక్కన పడుకున్నవాడు అలా కళ్ళు తెరుచుకునే పోయాడు. నేను మళ్ళీ అది చూడను గెజీనె. ఈ పెట్టె ఈస్టర్ దాకా రాకపోతే మనలో ఒకరు పోతారు. అది నువ్వో, ఈ ఓన్నోనో."

"అయితే ఎగ్బర్ట్ పోయినా ఫరవాలేదా?"

"మెల్లగా కొట్టొచ్చు. చట్టంలో గట్టిగా కొట్టాలని లేదు. కొట్టాలనే ఉంది."

అని బెల్టు విప్పాడు. సైన్యం బెల్టే అది. బకిల్ మీద పాత ప్రభుత్వం గుర్తును రాయితో అరగదీశాడు గానీ బకిల్ బరువు తగ్గలేదు. దాన్ని బల్ల మీద, రొట్టె వాటాల పక్కన పెట్టాడు. ఖాళీ కంచం ఇంకా అక్కడే ఉంది. ఎగ్బర్ట్ కుర్చీలోంచి లేచి, ఎవరూ చెప్పకుండానే, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఇందాక పేర్లు చెప్పడానికి నిలబడ్డ చోటే.

"పెద్దవాళ్ళతో మొదలుపెట్టాలి," అన్నాడు ఆర్నుల్ఫ్. బెల్టు తీసి నా చేతిలో పెట్టాడు. "అమ్మగారూ, మీరూ ఒట్టు వేశారు."

నేను బెల్టు పట్టుకుని నిలబడ్డాను. నవ్వుతూ ఒట్టు వేసిన చెయ్యి ఇదే. నోరు తెరిచి, వీడు కాదు, వీడి తల్లి అని చెప్పేస్తే ఈ బెల్టు వీడి వీపు మీద పడదు. కానీ అప్పుడు ఆవిడ గతి ఏమిటి? ఆర్నుల్ఫ్ ముసలావిడను కొట్టడు, ఆ మాత్రం మనిషే అనుకున్నాను, కానీ గట్టిగా అనుకోలేకపోయాను. కొట్టకపోయినా వసతుల ఆఫీసుకి చెప్తాడు, వాడికి చట్టం ముఖ్యం. చెప్పకపోతేనేమో నేను ఈ పిల్లవాడి వీపు మీద కొట్టాలి, నాలుగు దెబ్బలు దాటకుండానే వాడి గుండె ఆగిపోతుంది. కొట్టనంటే నేనూ దొంగనే.

"అమ్మగారూ," అన్నాడు ఎగ్బర్ట్ గోడతోనే. "కానివ్వండి. మీరేమీ చెప్పకండి. దయచేసి."

"ఏం చెప్పకూడదట?" అన్నాడు ఆర్నుల్ఫ్ వెంటనే.

పక్కింటావిడ గోడకు చెవి ఆనించే ఉంటుందని ఆ సమయంలో కూడా తోచింది నాకు. ఓన్నో పెదవులు కదుపుతూ ఏదో ప్రార్థన చేస్తున్నాడు. నేను చెయ్యి ఎత్తానా, ఎత్తబోయానా, దేవుడికే తెలియాలి.

మేడ మెట్లు కిర్రుమన్నాయి.

ఇంట్లో ఉన్న ఐదుగురమూ వంటింట్లోనే ఉన్నాం. ఆర్నుల్ఫ్ చెయ్యి రొట్టె కోసే కత్తి మీదికి వెళ్ళింది. ఒక్కొక్క మెట్టూ ఆగి ఆగి దిగుతున్నారెవరో, మెట్టు మెట్టుకీ ఏదో బరువు ఆనించి దించుతున్నారు. ఎగ్బర్ట్ గోడవైపు నుంచి వెనక్కి తిరిగాడు. "వద్దు," అన్నాడు, మాకు కాదు, తలుపుకు.

తలుపు తెరుచుకుంది. మా ఆయన కోటులో, తలకు గుడ్డ కట్టుకుని, ముసలావిడ నిలబడి ఉంది. రెండు చేతులతో ఒక దిండుగలీబు పట్టుకుంది. అది నిండుగా ఉంది. అందరినీ చూసి, అచ్చం తన ఊళ్ళో తన ఇంటికొచ్చిన చుట్టాలను చూసినట్టు నవ్వింది.

"అరుపులు పైకి వినపడుతున్నాయి నాయనలారా. తిండి కోసం దెబ్బలాడుకుంటారా ఎవరైనా? ఆదివారం పూట!" బల్ల దగ్గరికి వచ్చి, ఖాళీ కంచం జరిపి, గలీబు బోర్లించింది. బంగాళాదుంపలు బల్ల నిండా దొర్లాయి. పొగగొట్టం వెచ్చదనానికి మొలకలెత్తి, తెల్లటి వేళ్ళు చాపి ఉన్నాయి. "ఇవిగో, మన దగ్గర ఉన్నాయి. కూర్చోండి, ఉడకబెడతాను. ఉప్పుందా అమ్మా?"

నా చేతిలో బెల్టు ఇంకా అలాగే ఉంది.

"పెద్దమ్మగారూ," అన్నాడు ఆర్నుల్ఫ్ చాలా మర్యాదగా. "మీరెవరు?"

"వీడి తల్లిని. వీడు మీకు చెప్పలేదా? సిగ్గు వీడికి, చిన్నప్పటి నుంచీ అంతే."

"ఈ దుంపలు ఎక్కడివండీ?"

"అమ్మా, మాట్లాడకు," అన్నాడు ఎగ్బర్ట్. "అమ్మా!"

"ఎందుకు మాట్లాడకూడదు, మంచి సంగతేగా!" ఆవిడ కొడుకు వంక గర్వంగా చూసింది. "నేను రొట్టె తినను, నువ్వు తిను అంటే, కింద పెట్టెలో మనకి ఈస్టర్ దాకా దుంపలున్నాయి, నువ్వు దిగులుపడకు అని వీడే చెప్పాడు నాకు. మనవే కదా అని, నా దగ్గరున్న రెండో చెవితో తలుపు తీసుకుని రోజూ వెళ్ళి ఒకటో రెండో తెచ్చి మంచం కింద పెట్టాను. ఒక్కటి కూడా తినలేదు నాయనా, ప్రమాణం! మమ్మల్ని రెండుసార్లు తరిమారు. రెండుసార్లూ ఉత్త చేతుల్తో రోడ్డు మీద పడ్డాం. రెండోసారి రోడ్డు మీదే వీడి చెల్లెలు పోయింది. మూడోసారి తరిమితే వీడి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. అందుకని దాచాను. వీడికి కూడా చెప్పలేదు, చెప్తే ఇప్పుడే తినేద్దామంటాడు."

ఓన్నో రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడవటం మొదలుపెట్టాడు. గెజీనె గోడకు ఆనుకుంది. కొడుకు కాళ్ళకు నీరు పడుతుంటే, వాడి ఆకలి తీర్చగల దుంపలు వాడి మంచం కింద మొలకెత్తుతున్నాయి. ఆ సంగతి ఆవిడకు చెప్పే ధైర్యం మాలో ఒక్కరికీ లేదు.

ఆర్నుల్ఫ్ దుంపల వంక చూస్తున్నాడు. ఎగ్బర్ట్ తల్లికీ ఆర్నుల్ఫ్‌కీ మధ్యకు వచ్చి నిలబడ్డాడు. నిలబడటానికి బల్ల పట్టుకోవలసి వచ్చింది. "తీసింది నేను," అన్నాడు మళ్ళీ. "చెప్పానుగా. నేనే తీశాను."

ఆవిడకు అదేమీ అర్థం కాలేదు. ఆవిడ చూపు నా చేతిలో ఉన్న బెల్టు మీద పడింది.

"వదులైపోయిందా? రంధ్రం వెయ్యాలా?" అంది. "ఇలా ఇవ్వమ్మా, మేకు కాల్చి వేస్తాను. అందరికీ నడుములు చిక్కిపోయాయి పాపం. వీడి బెల్టుకు మూడు నేనే వేశాను. ఎవరిది ఇది?"

"నాది," అన్నాడు ఆర్నుల్ఫ్.

ఆవిడ నా చేతిలోంచి బెల్టు తీసుకుని, బకిల్ తుడిచి, రెండు చేతులతో పట్టుకుని వాడికి చాపింది, నడుముకు పెట్టుకుని కొలత చూపించమని. ఆర్నుల్ఫ్ దాన్ని అందుకున్నాడు. బకిల్ కిందికి వేలాడేలా తోలు వైపు గుప్పిట్లో ఒక చుట్టు చుట్టుకున్నాడు.

"ఓన్నో," అన్నాడు, ఆవిడ మొహం మీంచి కళ్ళు తిప్పకుండా. "తలుపు వెయ్యి."